గోల్ పడ్డాక అరవాలా, ఆగాలా? వీఏఆర్ గురించి, డబ్బు గురించి ఒక పాత రెఫరీ జవాబు

బాబూ, నువ్వు అడిగినవి మూడు. వీఏఆర్‌ని, అంటే వీడియో చూసి రెఫరీ నిర్ణయాన్ని సరిచూసే పద్ధతిని, తీసేస్తే ఫుట్‌బాల్ బాగుపడుతుందా? డబ్బున్న క్లబ్బులకు రెఫరీలు అమ్ముడుపోయారా? హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి వెళ్ళిపోయాక అల్మారాలో మిగిలిన పసుపు జెర్సీని ఏం చేసుకోవాలి? మూడోది మాటవరసకి అడిగినట్టు చివర్లో రాశావు. నాకు మాత్రం మొదటి రెండు ప్రశ్నల బాధ కూడా అందులోనే ఉందనిపించింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదువు.

బ్రాడీపేటలో ఒక గదిలో నలుగురు స్నేహితులు కలిసి మ్యాచ్ చూస్తామని రాశావు. మీ జట్టు గోల్ కొట్టినా ఎవరూ లేవరనీ, "ఉండండ్రా, చెక్ చేస్తున్నారు" అని ఒకడు అంటాడనీ, రెండు నిమిషాల తర్వాత గోల్ ఇచ్చినా గొంతులోంచి అరుపు రావడం లేదనీ రాశావు. అది చదివి చాలాసేపు ఊరుకుండిపోయాను. ఫుట్‌బాల్‌లో గోల్ అంటేనే అరుదు. తొంభై నిమిషాలు కూర్చుంటే ఒకటో రెండో పడతాయి, ఒక్కోసారి అదీ లేదు. ఆ ఒక్క క్షణం కోసమే అంతసేపూ కూర్చుంటాం. దాన్ని వాయిదా వేస్తే మిగిలేది ఏముంది?

నేను గుంటూరు జిల్లాలో పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఇరవై ఆరేళ్ళు విజిల్ పట్టాను. స్కూలు పోటీలు, కాలేజీ పోటీలు, జిల్లా మ్యాచ్‌లు, కొన్ని రాష్ట్రస్థాయివి. టీవీలో వచ్చే మ్యాచ్ ఏదీ నేను ఆడించలేదు. కానీ తప్పుడు నిర్ణయం ఇచ్చిన రెఫరీకి ఆ రాత్రి నిద్ర ఎలా పడుతుందో నాకు తెలుసు. అది చెప్పకుండా వీఏఆర్ గురించి మాట్లాడడం నాకు చేతకాదు.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. రెండు కాలేజీల మధ్య సెమీఫైనల్. ఒకవైపు గోల్ నెట్ పక్క భాగం చిరిగి ఉంటే, ఆట మొదలవక ముందు నేనే దగ్గరుండి తాడుతో కట్టించాను. సెకండ్ హాఫ్‌లో ఆ ముడి ఊడింది. నేను చూసుకోలేదు. ఎడమవైపు నుంచి ఒక కుర్రాడు గట్టిగా కొట్టాడు. బంతి పోస్టుకి బయటి నుంచి వెళ్ళి, ఆ చిరుగులోంచి దూరి, లోపల పడి ఆగింది. నేను ముప్పై గజాల వెనక ఉన్నాను. ఎండ ఎదురుగా కొడుతోంది, దుమ్ము లేచింది. నెట్ కదలడం చూశాను, బంతి లోపల ఉండడం చూశాను. లైన్స్‌మన్ అప్పటికే సెంటర్ లైన్ వైపు పరుగు తీస్తున్నాడు, గోల్ అని దానర్థం. విజిల్ వేసి గోల్ ఇచ్చాను.

ఆ గోల్‌కీపర్ నా మీదికి అరుస్తూ రాలేదు. చిరుగు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, అందులోంచి చెయ్యి బయటికి పెట్టి నాకు చూపిస్తూ అక్కడే ఉండిపోయాడు. నేను వెళ్ళలేదు. వెళ్ళి చూస్తే నా మాట మీద నాకే నమ్మకం లేదని అందరూ అనుకుంటారని, ఇక గ్రౌండ్ నా చేతిలో ఉండదని భయం. మ్యాచ్ 1-0తో అయిపోయింది. అందరూ సామాన్లు సర్దుకుంటుంటే వెళ్ళి చూశాను. తాడు వేలాడుతోంది. పోస్టుకి బయట సున్నం గీత మీద జానెడు మేర చెదిరిపోయి బంతి గుర్తు ఉంది. వెనక్కి తిరిగేసరికి ఆ అబ్బాయి నిలబడి ఉన్నాడు. అడిగింది ఒకటే: "సార్, ఒక్కసారి వచ్చి చూసుంటే ఏమయ్యేది?"

అందుకే వీఏఆర్‌ని తీసిపారెయ్యాలి అనేవాళ్ళతో నేను కలవలేను. రెఫరీ వెళ్ళి ఒకసారి చూడాలి, అంతే కదా ఆ కుర్రాడు అడిగింది. 1986లో మారడోనా చేత్తో కొట్టిన గోల్‌ని స్టేడియంలో సగం మంది చూశారు, రెఫరీ చూడలేదు. 2009లో థియెరీ ఆన్రీ చేత్తో ఆపిన బంతి వల్ల ఐర్లాండ్‌కి వరల్డ్ కప్‌లో ఆడే అవకాశం పోయింది. 2010లో ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ జర్మనీ మీద కొట్టిన బంతి గీత దాటి లోపల పడి బయటికొస్తే గోల్ ఇవ్వలేదు. వీటిలో ఏదీ కష్టమైన నిర్ణయం కాదు. ఒక్క రీప్లే చూస్తే చిన్నపిల్లాడైనా చెప్పేస్తాడు.

2018 మార్చిలో ఫుట్‌బాల్ నిబంధనలు రాసే ఐఎఫ్ఏబీ ఈ పద్ధతిని ఒప్పుకున్నప్పుడు చెప్పింది కూడా ఇలాంటి తప్పుల గురించే. గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డ్, ఒకరి బదులు ఇంకొకరికి కార్డు చూపించడం, ఈ నాలుగింట్లోనే వీడియో జోక్యం ఉంటుందన్నారు. అదీ కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపించే తప్పయితేనే అన్నారు. చిరిగిన నెట్‌లోంచి దూరిన బంతి కోసం తెచ్చిన ఏర్పాటు అది. తర్వాత అదే కెమెరాతో ఆఫ్‌సైడ్ కోసం, అంటే పాస్ ఇచ్చిన క్షణంలో ఫార్వర్డ్ డిఫెండర్ల కంటే ముందుకు వెళ్ళాడా అని, అతని బొటనవేలు కొలవడం మొదలుపెట్టారు. గొడవంతా అక్కడే వచ్చింది.

ఆ కొలత ఎంత నిజమో లెక్క వేసుకుందాం. కెమెరా సెకనుకు 50 ఫ్రేములు తీస్తుందనుకో. జోరు మీదున్న ఫార్వర్డ్ సెకనుకు 8 మీటర్లు పరుగెత్తుతాడు. అంటే ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య అతను 16 సెంటీమీటర్లు జరిగిపోయాడు. డిఫెండర్ అదే సమయంలో ఎదురు దిక్కుకి పరుగెత్తుతుంటే ఇద్దరి మధ్య తేడా ఇంకా పెరుగుతుంది. పాస్ ఇచ్చేవాడి కాలు బంతిని తాకిన క్షణం సరిగ్గా ఆ రెండు ఫ్రేముల మధ్య పడితే, ఏ ఫ్రేము దగ్గర ఆపాలి? అక్కడ ఆపేది ఒక మనిషి. అతను ఒక ఫ్రేము ఇటు ఆపితే గోల్, అటు ఆపితే ఆఫ్‌సైడ్. అయినా తెర మీద మాత్రం సూది మొనంత సన్నటి గీత గీసి, బొటనవేలు ముందుంది చూడండి అని చూపించారు. ఏళ్ళ తరబడి ఇంగ్లండ్‌లో ప్రేక్షకులు మండిపడింది దీనికే. చేతికి అందని కచ్చితత్వాన్ని చేతిలో ఉన్నట్టు చూపించారు.

2022 ఖతార్ వరల్డ్ కప్‌లో ఇది చాలావరకు మారింది. స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు పెట్టి, ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 చోట్లను సెకనుకు 50 సార్లు లెక్కగట్టారు. బంతి లోపల సెన్సార్ పెట్టి, అది సెకనుకు 500 సార్లు సమాచారం పంపేలా చేశారు. బంతిని ఎప్పుడు తన్నారన్నది దాంతో తేలుతుంది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో కూడా 2025 ఏప్రిల్ నుంచి ఆఫ్‌సైడ్‌కి సెమీ ఆటోమేటెడ్ పద్ధతి, అంటే చాలావరకు మెషీనే కొలిచేది, వచ్చింది. ఆఫ్‌సైడ్ వరకు నేను మెషీన్‌నే నమ్ముతాను. లైన్ మీద జెండా పట్టుకొని నిలబడినవాడికి తెలుస్తుంది, ఒకే క్షణంలో రెండు చోట్ల చూడడం మనిషి వల్ల కాదు. పాస్ ఇచ్చేవాడు నలభై గజాల అవతల ఉంటాడు, నువ్వు చూడాల్సిన భుజం నీ ముందు ఉంటుంది. తల తిప్పేలోపు పరుగెత్తేవాడు రెండడుగులు వేసేస్తాడు. నేను ఇచ్చిన ఆఫ్‌సైడ్‌లలో ఎన్ని తప్పులో లెక్కపెట్టే కెమెరా లేకపోబట్టి సరిపోయింది.

హ్యాండ్‌బాల్, ఫౌల్ అలా కాదు. చెయ్యి సహజంగా ఉందా, కావాలని పెట్టాడా, ఎంత జోరుగా తగిలాడు, ఇవి కొలిస్తే తేలేవి కావు, చూసి తూచాల్సినవి. ఇక్కడ స్లో మోషన్ మేలు కంటే చెడే ఎక్కువ చేస్తుంది. మామూలు వేగంలో బంతి కోసం వెళ్ళి కాలు జారినట్టు కనిపించేది, స్లో మోషన్‌లో కావాలని మడమ మీద తొక్కినట్టు కనిపిస్తుంది. కాలు ఎక్కడ తగిలిందో చూడడానికే స్లో మోషన్ వాడాలి, జోరు చూడడానికి మామూలు వేగమే వాడాలి అని వాళ్ళ నియమాల్లోనే ఉంది. ఉన్నా ఏం జరిగిందో చూడు.

2023 సెప్టెంబరు 30. ఇంగ్లండ్ క్లబ్బులు టాటెన్‌హామ్, లివర్‌పూల్ మ్యాచ్. మనకి రాత్రి పదింటికి మొదలైంది. 26వ నిమిషంలో లివర్‌పూల్ ఆటగాడు కర్టిస్ జోన్స్‌కి రెఫరీ ముందు ఎల్లో కార్డే ఇచ్చాడు. మానిటర్ దగ్గరికి పిలిచారు. రెఫరీ కంట్లో మొదట పడింది కాలు తగిలిన క్షణం దగ్గర ఆపి ఉంచిన బొమ్మ. ఎల్లో కాస్తా రెడ్ అయింది. అది కూడా పక్కన పెడదాం. 34వ నిమిషంలో లూయిస్ డియాస్ గోల్ కొట్టాడు. లైన్స్‌మన్ జెండా ఎత్తాడు. వీడియో గదిలో చూస్తే డియాస్ ఆఫ్‌సైడ్‌లో లేడని స్పష్టంగా ఉంది. కానీ ఆ గదిలో కూర్చున్నవాళ్ళు గ్రౌండ్‌లో ఇచ్చిన నిర్ణయం గోల్ అనుకున్నారు. చెక్ పూర్తయింది, నిర్ణయం సరైనదే అని చెప్పేశారు. గ్రౌండ్‌లో ఉన్న నిర్ణయం ఆఫ్‌సైడ్. ఫ్రీ కిక్‌తో ఆట మొదలైపోయింది. కొద్ది సెకన్లలోనే గదిలో రీప్లేలు నడిపే అతను పొరపాటు గుర్తించి చెప్పాడు. ఆట ఆపమని చెప్పండి అన్నాడు. ఆట మళ్ళీ మొదలయ్యాక వెనక్కి వెళ్ళకూడదని నిబంధన, ఇక నేనేం చెయ్యలేను అంటూ ఉండిపోయాడు వీడియో రెఫరీ. మూడు రోజుల తర్వాత ఆ ఆడియో బయటపెట్టారు కాబట్టి ఇదంతా మనకు తెలిసింది. లివర్‌పూల్ 2-1తో ఓడిపోయింది.

నేను ఆ ఆడియో రెండు మూడుసార్లు విన్నాను. నాకు బాధ కలిగించింది వాళ్ళ తప్పు కాదు, తప్పు ఎవరైనా చేస్తారు. గదిలో ఉన్నవాళ్ళందరికీ నిజం తెలుసు. స్టేడియంలో అరవై వేల మందికి తెలియదు, టీవీల ముందు ఉన్నవాళ్ళకి తెలియదు, చివరికి రెఫరీకి కూడా తెలియదు. ఆ గోల్‌కీపర్ కుర్రాడు నాకు చిరుగు చూపిస్తూ కూర్చున్నాడు, నేను వెళ్ళలేదు. ఇక్కడ వెళ్ళి చూశారు, చూసినదాన్ని చెప్పలేదు. రెండూ ఒకటే నా లెక్కలో.

మనవాళ్ళకి డీఆర్ఎస్ అలవాటే కాబట్టి క్రికెట్‌లో లేని గొడవ ఇక్కడెందుకు అని చాలామంది అడుగుతారు. మొదట్లో అక్కడా గొడవే. మన బోర్డు 2016 చివరిదాకా సొంతగడ్డ మీద టెస్టుల్లో దాన్ని రానివ్వలేదు. కానీ క్రికెట్ బంతి బంతికీ ఆగే ఆట, రివ్యూ ఆ సందులో పట్టేస్తుంది. ఫుట్‌బాల్ కాలవలా పారుతుంది, మధ్యలో అడ్డుకట్ట వేస్తే వేసిన సంగతి అందరికీ తెలుస్తుంది. అంతకంటే ముఖ్యమైనవి ఇంకో రెండున్నాయి. థర్డ్ అంపైర్ మాట్లాడేది మనం వింటాం. అల్ట్రా ఎడ్జ్ పెట్టమంటాడు, బాల్ ట్రాకింగ్ చూపించమంటాడు, మనం కూడా అతనితోపాటు ఒక్కో మెట్టూ ఎక్కుతాం. రెండోది, అంపైర్స్ కాల్ ఉంది. ఈ మాత్రం తేడాని మెషీన్ తేల్చలేదు, గ్రౌండ్‌లో ఉన్నవాడి మాటే చెల్లుతుంది అని పద్ధతి తానే ఒప్పుకుంటుంది. మనకి నచ్చకపోవచ్చు, తిట్టుకోవచ్చు, కానీ మోసం అనిపించదు. వీఏఆర్ ఈ రెండింట్లోనూ వెనకబడింది. వినిపించదు, నాకు తెలియదు అని ఒప్పుకోదు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. రెఫరీలు అమ్ముడుపోయారా? అమ్ముడుపోయినవాళ్ళు ఉన్నారు, లేరని నేను అనను. జర్మనీలో రాబర్ట్ హోయ్‌జర్ అనే రెఫరీ బెట్టింగ్ ముఠా దగ్గర డబ్బు తీసుకొని మ్యాచ్‌లు తారుమారు చేశానని 2005లో ఒప్పుకున్నాడు, జైలు శిక్ష పడింది. 2006లో ఇటలీలో ఏ మ్యాచ్‌కి ఏ రెఫరీని వేయాలో నిర్ణయించేవాళ్ళతో క్లబ్బుల పెద్దలు ఫోన్లలో మంతనాలు జరిపినట్టు బయటపడి, యువెంటస్ అంతటి క్లబ్బు టైటిళ్ళు పోగొట్టుకొని సెకండ్ డివిజన్‌కి పడిపోయింది. గమనించు, ఈ రెండూ వీఏఆర్ రాకముందువే. అప్పట్లో ఒక మనిషి ఒంటరిగా చేసిన పనిని పట్టుకోవడం కష్టం. ఇప్పుడు ప్రతి నిర్ణయం నాలుగైదు కళ్ళ ముందు, రికార్డింగ్‌లో జరుగుతోంది.

కాబట్టి మన జట్టుకి పెనాల్టీ ఇవ్వని ప్రతిసారీ "కొనేశారు" అనడం నాకు నచ్చదు. విజిల్ పట్టినవాడిగా ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో నాకు తెలుసు. కానీ డబ్బు ఇంకో దారిలో వస్తుంది. డియాస్ గోల్ పోయిన మ్యాచ్‌కి రెండు రోజుల ముందు, అదే వీడియో రెఫరీ, అతని అసిస్టెంటు యూఏఈ వెళ్ళి అక్కడి లీగ్‌లో ఒక మ్యాచ్ చేసి వచ్చారు. లంచం కాదు, పై అధికారుల అనుమతితో బయట చేసిన పని. అలసట వల్లే తప్పు జరిగిందని ఎవరూ తేల్చలేదు, నేనూ అనను. కానీ వారం మధ్యలో విమానమెక్కి ఇంకో దేశంలో మ్యాచ్ చేసి రావాల్సిన అవసరం ఏమిటని అభిమాని అడిగితే తప్పేముంది? ఆ ప్రశ్న న్యాయమైనది, "కొనేశారు" కన్నా ఎంతో పదునైనది.

అసలు వీఏఆర్‌ని పట్టుకొచ్చింది కూడా డబ్బే. ఒక తప్పు ఖరీదు కోట్లలోకి వెళ్ళాక తప్పుల్ని భరించే ఓపిక ఎవరికీ ఉండదు. 2020 జూన్ 17న ఆస్టన్ విల్లా, షెఫీల్డ్ యునైటెడ్ మ్యాచ్‌లో విల్లా గోల్‌కీపర్ బంతితో సహా గీత దాటి లోపలికి వెళ్ళిపోయాడు. బంతి గీత దాటితే రెఫరీకి చెప్పే గోల్ లైన్ టెక్నాలజీ మోగలేదు. అక్కడున్న ఏడు కెమెరాలకీ ఆటగాళ్ళు అడ్డొచ్చారని కంపెనీ తర్వాత క్షమాపణ చెప్పింది. వీఏఆర్ కలగజేసుకోవచ్చు, కలగజేసుకోలేదు. మ్యాచ్ 0-0. సీజన్ చివర్లో విల్లా ఒక్క పాయింటు తేడాతో లీగ్‌లో నిలబడింది, బోర్న్‌మత్ క్లబ్బు కింది డివిజన్‌కి పడిపోయింది. ఆ ఒక్క పాయింటు వెనక టీవీ హక్కుల సొమ్ము, ఆటగాళ్ళ జీతాలు, క్లబ్బులో పనిచేసే మామూలు ఉద్యోగుల బతుకులు ఉన్నాయి. ఇంత బరువు ఒక గోల్ మీద పెట్టాక, ఆ గోల్ చూసి ఎవరు హాయిగా గంతెయ్యగలరు?

డబ్బు పెద్ద జట్లని పెద్దవి చేస్తుందనే అందరూ అంటారు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది అది కాదు. ఇంగ్లండ్‌లో బరీ అని ఒక క్లబ్బు ఉండేది. 1885లో పుట్టింది, మన గుంటూరు ఏసీ కాలేజీ పుట్టిన ఏడే. 1894 నుంచి లీగ్‌లో ఆడింది. 2018 డిసెంబరులో ఒక్క పౌండుకి యజమాని మారాడు. అప్పులు తీర్చలేక, 2019 ఆగస్టు 27న లీగ్ నుంచి వెళ్ళగొట్టబడింది. ఒక పొద్దున లేచి చూస్తే ఏసీ కాలేజీ గేటుకి తాళం ఉందనుకో. మీ తాతగారు చదివారు, మీ నాన్నగారు చదివారు, ఇక లేదు. ఎవరు మూశారయ్యా అంటే ఊళ్ళో ఎవరికీ సంబంధం లేని ఒక కొనుగోలుదారు పేరు చెబుతారు. ఆ ఊరివాళ్ళు గేటు ముందు ఏడ్చారంటే ఏడవరూ మరి?

మనకి అంత చరిత్ర లేదు, ఉన్న చిన్నది కూడా అలాగే పోయింది. 2019లో పుణె క్లబ్బు మూతపడితే ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్ నీకూ గుర్తుండే ఉంటుంది. కేరళ బ్లాస్టర్స్ ఒక గోల్ ముందుంది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి గాల్లో బంతిని అలాగే కొట్టాడు, సమం. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. తెలుగు నేల మీద క్లబ్బొకటి దేశం మొత్తానికి చాంపియన్ అయిందని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోచ్ రహీం సాబ్ నడిపించిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచిన రోజుల గురించి మా గురువులు చెబుతుంటే వింటూ పెరిగినవాణ్ణి నేను. రెండేళ్ళు తిరక్కుండానే జీతాలు బాకీ పడ్డాయి, ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. నువ్వు గుంటూరు నుంచి రాత్రి బస్సెక్కి గచ్చిబౌలి వెళ్ళి మ్యాచ్ చూసి తెల్లారేసరికి తిరిగొచ్చిన సంగతి రాశావు. క్లబ్బు వెళ్ళిపోతుంటే నిన్నెవరైనా అడిగారా?

వీఏఆర్ మీద కోపానికీ, డబ్బు మీద కోపానికీ మూలం ఒకటే అని నేను అనేది ఇందుకే. రెండింట్లోనూ నిర్ణయం నీ కళ్ళ ముందు నుంచి లేచి ఎక్కడో తలుపులు వేసిన గదిలోకి వెళ్ళిపోయింది. నీకు చెప్పరు, నిన్ను అడగరు.

అడగాల్సి వచ్చిన చోట ఏం జరిగిందో చూడు. స్వీడన్‌లో క్లబ్బులో 51 శాతం ఓట్లు సభ్యుల చేతిలోనే ఉండాలని నియమం. ఆ సభ్యులు అభిమానులే. క్లబ్బు మీటింగుల్లో చేతులెత్తి వీఏఆర్ వద్దన్నారు, 2024లో ఫెడరేషన్ ఆ ఆలోచన విరమించుకుంది. జర్మనీలోనూ ఇలాంటి నియమమే ఉంది, 50 ప్లస్ 1 అంటారు. అక్కడ లీగ్ మీడియా ఆదాయంలో వాటాని పెట్టుబడి సంస్థకి అమ్మాలని 2023 చివర్లో నిర్ణయిస్తే, అభిమానులు వారాల తరబడి గ్రౌండ్‌లోకి టెన్నిస్ బంతులు, చాక్లెట్ నాణేలు విసిరి మ్యాచ్‌లు ఆపారు. 2024 ఫిబ్రవరిలో లీగ్ ఆ బేరం వదులుకుంది. ఓటు లేని చోట కూడా గట్టిగా నిలబడితే వింటారు. 2016లో లివర్‌పూల్ కొత్త స్టాండ్‌లో టికెట్ 77 పౌండ్లు అంటే, అభిమానులు సరిగ్గా 77వ నిమిషంలో వేల మంది లేచి బయటికి నడిచారు. యజమానులు వారం తిరక్కముందే తగ్గారు. తమకి తామే విడిగా సూపర్ లీగ్ పెట్టుకుంటామని 2021 ఏప్రిల్‌లో యూరప్‌లోని 12 పెద్ద క్లబ్బులు ప్రకటిస్తే, జనం రోడ్డెక్కారు, ఇంగ్లండ్ క్లబ్బులు ఆరూ రెండు రోజుల్లో వెనక్కి వచ్చాయి.

అన్నిచోట్లా అభిమానులే గెలుస్తారని కాదు. నార్వేలో 2024లో ఫిష్ కేకులు విసిరి మ్యాచ్ రద్దయ్యేదాకా నిరసన చేశారు, 2025 జనవరిలో క్లబ్బులు ఎక్కువ శాతం వీఏఆర్ వద్దని ఓటేశాయి, మార్చిలో ఫెడరేషన్ సభలో ఉంచాలనే నిర్ణయం వచ్చింది. ఇంగ్లండ్‌లో వుల్వ్స్ క్లబ్బు తీసేద్దామని ప్రతిపాదిస్తే 19-1తో ఓడిపోయింది.

తీసేస్తే మాత్రం గొడవ తీరుతుందా? మన ఐఎస్ఎల్‌లో 2023 మార్చి 3న బెంగళూరు, కేరళ మ్యాచ్‌లో వీఏఆర్ లేదు. ఎక్స్‌ట్రా టైమ్‌లో కేరళ ఆటగాళ్ళు అడ్డంగా గోడలా నిలబడకముందే బెంగళూరు ఆటగాడు ఛెత్రి ఫ్రీ కిక్ కొట్టేశాడు, రెఫరీ గోల్ ఇచ్చాడు, కేరళ కోచ్ తన జట్టుని గ్రౌండ్ నుంచి తీసుకెళ్ళిపోయాడు. ఆ క్లబ్బుకి 4 కోట్ల రూపాయల జరిమానా పడింది. అక్కడ గొడవ బంతి గురించి కాదు. రెఫరీ ఏం చెప్పాడు, ఎవరు విన్నారు అన్నదాని గురించి. అక్కడా చెప్పడం, వినిపించడం దగ్గరే తెగింది.

అందుకే నన్నడిగితే వీఏఆర్‌ని ఉంచాలి, నోరు మాత్రం తెరిపించాలి. 2023 మహిళల వరల్డ్ కప్‌లో రెఫరీ మైకులో నిర్ణయం, దాని కారణం స్టేడియం అంతటికీ చెప్పింది. అది ప్రతి లీగ్‌లో రావాలి, గదిలో మాటలు కూడా క్రికెట్‌లోలాగా అప్పటికప్పుడే వినిపించాలి. ఫౌల్, హ్యాండ్‌బాల్ విషయంలో మామూలు వేగంలో రెండుసార్లు చూసినా తేలకపోతే గ్రౌండ్‌లో ఇచ్చిందే ఉంచి ముందుకు పోవాలి. ఇంకోటి, కోచ్ మ్యాచ్‌కి రెండుసార్లు అడిగి రీప్లే చూపించుకునే పద్ధతిని ఫీఫా 2024 నుంచి ప్రయోగిస్తోంది. దానికి ప్రత్యేకంగా వీడియో గది, అందులో రెఫరీలు అక్కర్లేదు. మన దేశంలో లీగ్‌లకి సరిపోయేది అదే అని నా అభిప్రాయం.

ఇక జెర్సీ. పారెయ్యకు, ఎవరికీ ఇచ్చెయ్యకు. తవోరా కొట్టిన ఆ గోల్‌నీ, కట్టిమణి ఆపిన ఆ మూడింటినీ ఢిల్లీకి ఎవరూ పట్టుకుపోలేరు. ఢిల్లీ జట్టుని అభిమానించాల్సిన పని కూడా నీకు లేదు. ఇంగ్లండ్ మ్యాచ్‌లు చూడు, అరవాలనిపిస్తే మొదటి సెకనులోనే అరిచెయ్. తర్వాత గోల్ రద్దయితే రద్దయింది, ఆ అరుపు నీదే కదా.

ఇంకొక్క మాట. వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకి మా దగ్గర అండర్-15 పిల్లల మ్యాచ్ ఉంది. ఒక లైన్స్‌మన్ వస్తాడు, ఇంకో జెండా పట్టుకునేవాళ్ళు లేరు. ఆఫ్‌సైడ్ నిబంధన నీకు బాగానే తెలుసని నీ ప్రశ్నలోనే అర్థమైంది. ఒక హాఫ్ నిలబడి చూడు, నేను పక్కనే ఉంటాను. బూట్లు లేకపోయినా కాన్వాస్ షూస్ చాలు. నెట్‌లు కట్టడానికి పావుగంట ముందు వస్తే ఇంకా మంచిది. జెర్సీ మాత్రం ఆ రోజు వేసుకురావద్దు, ఆడే జట్లలో ఒకదానిది పసుపు రంగే.